చిన్న రేవుల్లో పడవల భద్రత: మొగ నుంచి జెట్టీ వరకు

(ప్రత్యేక వ్యాసం)

నిజాంపట్నం రేవుకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉన్నది. ఐరోపా వర్తకుల పటాలలో పెటపోలి అన్న పేరుతో కనిపించే ఈ తావున డచ్చివారు 1606లో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి చెందిన గ్లోబ్ అనే ఓడ 1611లో ఇక్కడికి చేరింది. కాలక్రమంలో ఆ వర్తకం మచిలీపట్నానికి, అటు నుంచి మద్రాసుకు తరలిపోయింది. ఓడలు పోయినా పడవలు మిగిలాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో నేడు నిజాంపట్నం ప్రధానంగా మత్స్య రేవు. జువ్వలదిన్నె, మచిలీపట్నం, ఉప్పాడలతో పాటు నిజాంపట్నం హార్బరు అభివృద్ధి పనులకు 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, శంకుస్థాపన జరిగింది.

జెట్టీలు, వేలం మందిరాలు, మంచు కర్మాగారాలు కట్టుబడికి సంబంధించిన విషయాలు. వాటి అంచనాలు, గడువులు, ప్రగతి నివేదికలు తరచూ ప్రకటనలలో వస్తూనే ఉంటాయి. అంతగా ప్రకటనలకు ఎక్కని విషయం మరొకటి ఉన్నది. రేవులో నుంచి బయలుదేరిన పడవ ఎక్కడికి పోయినది, ఎప్పుడు తిరిగి రావాలి, రాకపోతే ఎవరు గమనిస్తారు, వచ్చిన పడవ ఎవరి పక్కన ఎలా కట్టి ఉంటుంది అన్నది ఆ విషయం. పెద్ద ఓడరేవులలో దీనికి ప్రత్యేక యంత్రాంగం, నిఘా గోపురం, పైలట్లు ఉంటారు. చిన్న రేవులో ఇవేవీ ఉండవు. కానీ సముద్రం చిన్నది కాదు.

మొగ దగ్గర ఉన్న చిక్కు

మన కోస్తాలోని చిన్న రేవులు అధికభాగం నేరుగా సముద్రపు ఒడ్డున లేవు. నదీపాయ లేదా ఉప్పుటేరు ఒడ్డున కొంత లోపలికి ఉన్నాయి. నిజాంపట్నం కూడా అంతే. మడ అడవుల నడుమ సాగే పాయ వెంట పడవ వెళ్లి, మొగ దాటి, సముద్రంలో ప్రవేశిస్తుంది. గాలికి, అలలకు పాయ రక్షణ కల్పిస్తుంది. అందుకే పూర్వులు ఇటువంటి తావులను రేవులుగా ఎంచుకొన్నారు. అయితే ఆ రక్షణకు మూల్యం మొగ దగ్గర చెల్లించవలసి ఉంటుంది.

తీరం వెంబడి ఇసుక నిరంతరం ప్రయాణిస్తూ ఉంటుంది. నైరుతి గాలుల కాలంలో ఉత్తరంగా, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణంగా అలలు దానిని తరలిస్తాయి. పాయనీటి ఉరవడి తగ్గినచోట ఆ ఇసుక మేట వేస్తుంది. వానాకాలంలో వరదనీరు కొంత మేటను కడిగివేసినా, వేసవి నాటికి మొగ మళ్లీ పూడుతుంది. నిరుడు లోతుగా ఉన్న దారి ఈ ఏడు లోతుగా ఉంటుందన్న హామీ లేదు. డ్రెడ్జింగు చేయించడం ఒక్కసారితో ముగిసే పని కాదన్న సంగతి అంచనాలు తయారుచేసే ఇంజనీర్లకు తెలుసు. నిధులు మంజూరు చేసే బల్లల దగ్గర మాత్రం అది ప్రతిసారీ కొత్త విషయంగానే వినిపిస్తుంది.

మన తీరంలో పోటుకు పాటుకు మధ్య తేడా ఖంభాత్ సింధుశాఖలో వలె మీటర్ల కొద్దీ ఉండదు. విశాఖపట్నంలో అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోటుకు సైతం అది ఒకటిన్నర మీటరు దరిదాపులలోనే ఉంటుంది. ఇంత చిన్న తేడాయే పూడిన మొగలో పడవ అడుగు ఇసుకకు తగలడానికీ, తగలకపోవడానికీ మధ్య హద్దు అవుతున్నది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిరోజూ పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. బరువైన మరపడవ మొగ దాటాలంటే పోటు కోసం ఆగవలసిందే. పాటు సమయాన వచ్చిన పడవ ఆరు గంటల వరకు బయట లంగరు వేసుకొని నిరీక్షించవలసి రావచ్చు.

మామూలు రోజున ఇది కాలయాపన మాత్రమే. తుపాను రోజున ఇదే ప్రాణాపాయం. లెక్క వేసి చూద్దాం. మరపడవ గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకొంటే, 120 కిలోమీటర్ల దూరాన ఉన్న పడవకు రేవు చేరడానికి పది గంటలు పడుతుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా ఎక్కువ. వల నీటిలో ఉంటే దానిని పైకి లాగుకొనడానికి మరికొంత సమయం. హెచ్చరిక ఆ పడవకు చేరిన క్షణం నుంచి ఈ గంటలను లెక్కించాలి తప్ప, హెచ్చరిక కార్యాలయంలో తయారైన క్షణం నుంచి కాదు. చివరికి ఆ పడవ మొగ దగ్గరకు చేరేసరికి పాటు అయితే, గాలి పెరుగుతున్న సమయంలో, అలలు మేటపై విరుగుతున్న చోట, ఆరు గంటలు ఆగాలి. అలలు లోతైన నీటిలో కన్నా లోతు తక్కువైన చోటనే నిటారుగా లేచి విరుగుతాయి. ఇంటి గడప కనిపిస్తున్న చోటే ముప్పు ఎక్కువగా పొంచి ఉన్నదన్నమాట.

కనుక చిన్న రేవులో భద్రతా ప్రణాళిక తయారుచేసేవారు ముందుగా చేతిలోకి తీసుకోవలసినది పోటు పట్టిక. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు 'పడవలు వెంటనే తిరిగి రావలెను' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, 'రేపు తెల్లవారుజామున ఫలానా గంటల మధ్య మొగ దాటడానికి వీలున్నది, అంతకు ముందుగా చేరలేనివారు ఫలానా రేవుకు మళ్లండి' అని చెప్పగలిగితే అది పనికివచ్చే హెచ్చరిక అవుతుంది. ఇందుకు కొత్త పరికరం ఏదీ అక్కరలేదు. వాతావరణ శాఖ సమాచారాన్ని, పోటు పట్టికను, మొగలో ఆ వారం కొలిచిన లోతును ఒకే బల్లమీద పెట్టి చూసే మనిషి కావాలి.

నంబర్ల సంగతి

తుపాను వార్తలలో ప్రజలకు బాగా పరిచితమైన మాట 'ప్రమాద హెచ్చరిక'. మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు, ఏడవ నంబరుకు పెంచారు, పదవ నంబరు జారీ అయింది అని పత్రికలు వ్రాస్తాయి. మా శాఖ ప్రకటనలలోనూ ఏళ్ల తరబడి ఇదే వరుస. చదువరులకు దీనివల్ల ఒక అపోహ స్థిరపడిపోయింది. నంబరు పెరిగిన కొద్దీ తుపాను బలం మెట్టు మెట్టుగా పెరుగుతుందని అందరూ అనుకొంటారు. వాస్తవం వేరు.

ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వాతావరణాన్ని తెలుపుతాయి. ఆ రేవుకు తక్షణ ప్రమాదం లేదు. రేవు విడిచి వెళ్లే నౌకలు మాత్రం జాగ్రత్త పడాలి. మూడు, నాలుగు నంబర్లు స్థానిక హెచ్చరికలు. ఈదురు గాలులు వీయవచ్చునని మూడు, రేవుకు తుపాను తాకిడి కలుగవచ్చునని నాలుగు సూచిస్తాయి. అసలైన ప్రమాద సంకేతాలు ఐదు నుంచి మొదలవుతాయి. ఐదు, ఆరు, ఏడు ఒక జట్టు. ఎనిమిది, తొమ్మిది, పది మరొక జట్టు. ఇవి తీవ్ర తుపానుకు సంబంధించిన మహాప్రమాద సంకేతాలు. ఒకే జట్టులోని మూడు నంబర్ల మధ్య తేడా బలంలో కాదు, దారిలో ఉన్నది. తుపాను తన గమనంలో రేవును ఎడమవైపు ఉంచుకొని పోతుందనుకొంటే ఐదు లేదా ఎనిమిది. కుడివైపు ఉంచుకొని పోతుందనుకొంటే ఆరు లేదా తొమ్మిది. రేవు మీదుగా గాని అతి సమీపంగా గాని పోతుందనుకొంటే ఏడు లేదా పది. పదకొండవ నంబరు సమాచార సంబంధాలు తెగిపోయినప్పటిది. చిన్న నౌకలు ఎక్కువగా వచ్చిపోయే రేవులలో ఈ పదకొండింటికీ బదులు మూడు, నాలుగు, ఏడు, పది, పదకొండు అనే ఐదు సంకేతాలతో క్లుప్త పద్ధతి కూడా ఉన్నది. పగలు శంకువు, స్తూపం ఆకారాలను, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలను స్తంభంపై ఎగురవేస్తారు.

ఈ కుడి ఎడమల తేడా పుస్తక విషయం కాదు. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. పడమరగా కదులుతూ మన తీరం దాటే తుపానుకు కుడివైపు, అంటే తీరం దాటిన చోటుకు ఉత్తరంగా, గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. ఉప్పెన అటే వస్తుంది. ఎడమవైపున గాలి ప్రధానంగా నేల నుంచి సముద్రంమీదికి వీస్తుంది. 1977 నవంబరు 19 నాటి తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. ఉప్పెన ముంచెత్తినది అక్కడికి ఈశాన్యంగా ఉన్న దివిసీమను. పదివేల మంది దాకా బలిగొన్న ఆ రాత్రిని చూసినవారు కృష్ణా డెల్టా పల్లెల్లో నేటికీ ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా, సమీపంలోనే తీరం దాటింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న ప్రశ్నతో పాటు, మన రేవు దానికి ఏ చేతివైపున ఉన్నదన్న ప్రశ్న కూడా మత్స్యకారులు వేసుకొనగలగాలి. వారు వేసుకొనగలిగేలా చెప్పడం మా వంటి శాఖల పని.

ఈ సందర్భంలో స్వవిషయం ఒకటి చెప్పుకొనక తప్పదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక తీర గ్రామంలో నేను తయారుచేసిన తుపాను ప్రకటనను మైకులో చదివించాను. 'పశ్చిమ మధ్య బంగాళాఖాతమునందు కేంద్రీకృతమైయున్న తీవ్ర వాయుగుండము వాయవ్య దిశగా పయనించు అవకాశము కలదు' అన్నది అందులోని మొదటి వాక్యం. భాష నిర్దుష్టంగా ఉన్నదని అప్పట్లో సంతోషించాను. ఒడ్డున వల బాగుచేసుకొంటున్న వృద్ధుడు ఒకరు అంతా విని, "ఇంతకీ పిల్లోళ్లని రేపు దిగనియ్యమంటారా, వద్దంటారా బాబూ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం నా ప్రకటనలో ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ ఏ ప్రకటన ముసాయిదా చేతికి వచ్చినా ఆ ప్రశ్నకు జవాబు అందులో ఎన్నవ పంక్తిలో ఉన్నదో ముందుగా వెదకుతాను.

హెచ్చరికలు చేరవేసే సాధనాలు ఈలోగా ఎంతో మారాయి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, చేపల లభ్యత ఉండే ప్రాంతాల సమాచారంతో పాటు అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలను ప్రతిదినం అందిస్తున్నది. చిన్న పడవలు బోల్తాపడే అవకాశం ఉన్న ప్రాంతాలను ముందుగా తెలిపే ప్రత్యేక సేవను 2020లో ప్రారంభించింది. సెల్‌ఫోను తీరానికి దగ్గరగానే పనిచేస్తుంది. వారం, పది రోజులు వేటలో ఉండే మరపడవకు అది చాలదు. వి.హెచ్.ఎఫ్. రేడియో మరికొంత దూరం వినిపిస్తుంది. అంతకు మించిన దూరానికి ఉపగ్రహమే దిక్కు. ఇస్రో రూపొందించిన అపాయ సూచిక పరికరం రెండవ తరం నమూనా 2024లో విడుదలైంది. ఆపదలో ఉన్న పడవ మీట నొక్కితే, సందేశం అందినట్లు తిరుగు సమాచారం పడవకు వస్తుంది. ఈ తిరుగు సమాచారం చిన్న మెరుగుదలగా కనిపించవచ్చు. నడిసముద్రంలో ఇంజను ఆగిన పడవలోని వారిని అడిగితే దాని విలువ తెలుస్తుంది. లక్ష పడవలలో ఉపగ్రహ ఆధారిత ట్రాన్స్‌పాండర్లను అమర్చే జాతీయ పథకాన్ని ప్రధానమంత్రి 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించారు.

పరికరం అమర్చగానే పని పూర్తికాదు. బ్యాటరీ ఛార్జింగులో ఉండాలి. తీగలు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూడాలి. తాము ఎక్కడ వేటాడుతున్నదీ ఇతరులకు తెలిసిపోతుందన్న సంకోచంతో పరికరాన్ని ఆపివేసే వారూ లేకపోలేదు. మంచి వేటస్థలం మత్స్యకారునికి ఆస్తి వంటిది. ఆ సమాచారం వ్యాపారులకు గాని తోటి పడవలకు గాని చేరదన్న నమ్మకం కలిగిస్తేనే పరికరం వెలుగుతూ ఉంటుంది. ఈ నమ్మకం కలిగించే బాధ్యత మత్స్యశాఖ క్షేత్ర సిబ్బందిపై ఉన్నది.

రేవు లోపల

బయటి ముప్పును గురించి ఇంత చెప్పుకొన్న తరువాత రేవు లోపల అంతా క్షేమమేనని అనుకొనరాదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఒక బోటులో చెలరేగిన మంటలు క్షణాలలో పక్క బోట్లకు పాకాయి. తెల్లవారేసరికి నలభై వరకు బోట్లు దగ్ధమయ్యాయి, లేదా దెబ్బతిన్నాయి. వేటకు సిద్ధంగా ట్యాంకుల నిండా డీజిలు, వంటకు గ్యాస్ సిలిండర్లు, నైలాను వలలు, కొయ్యతోనూ ఫైబరుతోనూ చేసిన పడవ శరీరాలు, ఇవన్నీ ఒకదానినొకటి ఆనుకొని ఉన్నప్పుడు మంటను ఆపేది ఏదీ ఉండదు. సముద్రపు నీరు పక్కనే ఉన్నా పంపు లేనిదే అది మంటమీదికి రాదు. ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది. కానీ ఒక మరపడవ మీద యజమాని కుటుంబమే కాక, ఎనిమిది పది మంది కళాసీల కుటుంబాలు, మంచు, వలలు, రవాణాలపై ఆధారపడిన మరెందరో బ్రతుకుతున్నారు. పడవ తిరిగి నీటిలోకి దిగే వరకు వారికి రోజు గడవడం ఎలా అన్నది పరిహారపు పట్టికలో ఉండే గడి కాదు.

చిన్న రేవులో జెట్టీ పొడవు తక్కువ. పడవలు వరుసలు వరుసలుగా ఒకదాని పక్కన ఒకటి కట్టివేయడం అనివార్యం. అయితే ప్రతి కొన్ని పడవల తరువాత ఒక సందు వదలడం, ఆ సందులోనికి మరొక పడవ రాకుండా చూడడం అసాధ్యమేమీ కాదు. డీజిలు నింపే చోటును కట్టివేసే చోటు నుంచి వేరుచేయడం, రాత్రివేళ కట్టివున్న పడవలో వంట చేయనీయకపోవడం, తాడును త్వరగా తెంచడానికి ప్రతి పడవలో గొడ్డలి ఉంచడం వంటివి ఖర్చుతో కూడినవి కావు. మంటలు అంటుకొన్నప్పుడు కాలుతున్న పడవను వరుసలో నుంచి విడదీసి లాగివేయగలగడమే మిగతావాటిని కాపాడుతుంది. అందుకు రాత్రి కూడా మనిషి కాపలా ఉన్న ఒక టగ్గు గాని, బలమైన ఇంజను గల పడవ గాని సిద్ధంగా ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు ఉన్న చిన్న రేవులు ఎన్ని అని ప్రశ్నించుకొనవలసి ఉన్నది.

రాకపోకల నియమాల విషయానికి వస్తే, సన్నని కాలువలో ప్రతి నౌకా తనకు కుడివైపు ఉన్న ఒడ్డును పట్టుకొని పోవాలని అంతర్జాతీయ నియమం. రోడ్డుమీద ఎడమవైపు నడిపి అలవాటు పడినవారికి ఇది తలక్రిందులుగా తోస్తుంది. ఇంజను బిగించిన ఫైబరు పడవలను నడుపుతున్న యువకులలో కొందరికి ఈ నియమం ఉన్నదనే తెలియదు. మలుపు వద్ద ఎదుటి పడవ కనిపించనప్పుడు ఒక దీర్ఘమైన కూత వేయాలి. రేవులోనికి వచ్చేటప్పుడు ఎర్రబోయా ఎడమచేతికి, పచ్చబోయా కుడిచేతికి ఉండాలి. రాత్రి ఎదురు వచ్చే పడవకు మన ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలు కనిపించాలి. దీపాలు లేని చిన్న పడవ చీకట్లో పెద్ద పడవ సరంగుకు కనిపించదు. కనిపించేసరికి పడవను ఆపడానికి వ్యవధి ఉండదు. వాహనానికి బ్రేకులు ఉంటాయి, పడవకు ఉండవు.

విహారం పేరిట

సెలవు రోజులలో తీర ప్రాంతానికి వచ్చే సందర్శకుల సంఖ్య పెరుగుతున్నది. సూర్యలంక వంటి తీరాలకు వచ్చేవారు సమీపంలోని రేవులను, మడ అడవులను చూడాలని కోరుకోవడం సహజం. వేట లేని రోజున నాలుగు డబ్బులు వస్తాయని పడవ యజమాని ఆశించడం కూడా సహజమే. ఈ రెండు సహజమైన కోరికలు కలిసిన చోట మృత్యువు పొంచి ఉంటున్నదని ఇటీవలి అనుభవాలు చెబుతున్నాయి.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన బోటులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వరద ఉధృతంగా ఉన్న రోజున ఆ ప్రయాణం సాగింది. నదీగర్భంలో నుంచి ఆ బోటును అక్టోబరు 22న వెలికితీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. కేరళలోని తానూరులో 2023 మే 7న మునిగి 22 మందిని బలిగొన్న పడవ అసలు చేపల పడవ. దానిని విహార పడవగా మార్చారు. చేపల పడవలో బరువు అడుగున గదిలో, మంచుతోపాటు ఉంటుంది. మనుషులను ఎక్కించినప్పుడు, అందులోనూ పైన మరొక అంతస్తు కట్టి ఎక్కించినప్పుడు, బరువు పైకి చేరుతుంది. దృశ్యం చూడడానికి అందరూ ఒక పక్కకు జరిగితే చాలు, పడవ ఒరిగిపోతుంది. ముంబయిలో 2024 డిసెంబరు 18న నౌకాదళానికి చెందిన వేగపడవ ఒకటి ప్రయాణికుల బోటును ఢీకొన్న దుర్ఘటన మరొక కోణాన్ని చూపింది. వేర్వేరు వేగాలు, వేర్వేరు అవసరాలు గల నౌకలు ఒకే నీటిదారిలో తిరిగేటప్పుడు వాటిని వేరుపరచే కట్టుబాటు ఉండాలి.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతపై మార్గదర్శకాలను విడుదల చేసింది. కచ్చులూరు దుర్ఘటన అనంతరం రాష్ట్రంలో బోట్ల రాకపోకల పర్యవేక్షణకు తొమ్మిది కంట్రోల్ రూములను 2020లో ప్రారంభించారు. అవి ప్రధానంగా పర్యాటక బోట్లు నడిచే తావులలో ఏర్పాటయ్యాయి. సముద్ర తీరానికి సంబంధించినది రుషికొండ. చిన్న మత్స్య రేవులలో ఆదివారం సాయంత్రం లెక్కాపత్రం లేకుండా సాగే విహారం ఆ పర్యవేక్షణ పరిధిలోనికి రాలేదు. దీనిని పూర్తిగా నిషేధించి ఊరుకొనడం ఒక మార్గం. నా అభిప్రాయంలో అది కాగితంమీద నిలిచే మార్గం. పరీక్షించి అనుమతి పొందిన రెండు మూడు పడవలను, ఎక్కవలసిన సంఖ్యను పడవ మీదనే పెద్ద అక్షరాలతో వ్రాయించి, పాయ దాటి మొగ వైపు పోనీయకుండా, లైఫ్ జాకెట్ ధరించిన తరువాతనే తాడు విప్పే పద్ధతిన నడపడం మేలు. లైఫ్ జాకెట్ పడవలో ఉండడం వేరు, ఒంటిమీద ఉండడం వేరు. తాళం వేసిన పెట్టెలో ఉన్న జాకెట్ తనిఖీకి పనికివస్తుంది, ప్రాణానికి పనికిరాదు.

ఎవరి పని

చిన్న రేవులో అడుగుపెట్టిన వ్యక్తి 'ఇక్కడ బాధ్యులు ఎవరు' అని అడిగితే ఒకే సమాధానం రాదు. పడవ రిజిస్ట్రేషను, వేట లైసెన్సు మత్స్యశాఖవి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం అమలు ఆ శాఖదే. తుపాను సంకేతాలు ఎగురవేసేది ఓడరేవుల సిబ్బంది. తీరంలో గస్తీ మెరైన్ పోలీసులది, సముద్రంలో రక్షణ తీర గస్తీ దళానిది. తుపాను సమయంలో గ్రామాల ఖాళీ రెవెన్యూ శాఖ చేతిలో ఉన్నది. అగ్నిమాపక కేంద్రం మరొక ఊరిలో ఉండవచ్చు. 1908 నాటి ఓడరేవుల చట్టానికి బదులుగా పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది. చట్టాలు మారినా చిన్న రేవులో ఈ శాఖలన్నీ కలిసే బల్ల ఏదన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ప్రతి శాఖా తన పని చేసినట్లు రికార్డు చూపగలదు. పోయిన పడవ మాత్రం శాఖల మధ్య సందులో నుంచి పోతుంది.

ఇందుకు విరుగుడు కొత్త శాఖ కాదు. రేవుకు ఒక పుస్తకం, ఆ పుస్తకానికి ఒక మనిషి. వెళ్లే ప్రతి పడవ నంబరు, సరంగు పేరు, ఉన్నవారి సంఖ్య, పేర్లు, తిరిగి రావలసిన తేదీ అందులో ఎక్కాలి. రావలసిన పడవ రాకపోతే ఎన్ని గంటల తరువాత ఎవరికి ఫోను చేయాలో ఆ పుస్తకం అట్టమీదనే వ్రాసి ఉండాలి. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసినవారు ఒక చేపల పడవను స్వాధీనం చేసుకొని వచ్చిన తరువాత దేశమంతటా ఈ నమోదు పద్ధతి కట్టుదిట్టమైంది. దానివల్ల మత్స్యకారులలో ఇది తమమీద నిఘా అన్న భావన ఏర్పడింది. ఇది తమ రక్షణకోసమని చెప్పడంలో మేము అంతగా సఫలం కాలేదని ఒప్పుకొనాలి.

ఎందుకంటే ఆ పుస్తకం అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఒడ్డున ఉన్న కుటుంబానికి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమాలో మత్స్యకారుడు మరణిస్తే 5 లక్షల రూపాయలు లభిస్తాయి. దేహం దొరికితే ప్రక్రియ సాగుతుంది. సముద్రంలో గల్లంతైనవాని విషయంలో చట్టం చూపే సాధారణ మార్గం దీర్ఘమైనది. ఏడేళ్ల పాటు ఆచూకీ లేని వ్యక్తి జీవించి ఉన్నాడని రుజువు చేయవలసిన భారం అలా వాదించేవారిపై పడుతుంది. ఆ ఏడేళ్లూ పిల్లల చదువు, అప్పు, ఇల్లు ఆగవు. ప్రత్యేక ఉత్తర్వులతో త్వరగా సహాయం అందించాలన్నా, ఫలానా తేదీన ఫలానా పడవలో ఆ మనిషి వెళ్లాడన్న ఆధారం మొదట కావాలి. పుస్తకంలో పేరు లేకపోతే, పడవ యజమాని చెప్పిన మాట, తోటి కళాసీల సాక్ష్యం, పంచాయతీ తీర్మానం అంటూ ఆ ఇల్లాలు కార్యాలయాల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పడవ బయలుదేరే తొందరలో వదిలివేసిన ఒక్క పంక్తికి ఇంత ఖరీదు.

పనులకు అనువైన కాలం ఒకటి ప్రతి ఏటా చేతికి వస్తూనే ఉన్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు విరామం. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపల పునరుత్పత్తి కోసం ఉద్దేశించిన ఈ విరామంలో మత్స్యకార కుటుంబాలకు ఇస్తున్న భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. ఆ రెండు నెలలు పడవలన్నీ రేవులోనే ఉంటాయి, మనుషులూ ఉంటారు. రంగులు, మరమ్మతులు, ఇంజను పనులు జరిగేది అప్పుడే. దీపాలు, రేడియో, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సాధనాలు తనిఖీ చేయడానికి, మొగ లోతు కొలిపించడానికి, కుడి ఒడ్డు నియమాన్ని యువకులకు నేర్పడానికి, విరామం ముగిసేలోగా సరంగులందరితో ఒక రోజు కూర్చొని కొత్త మేట ఎక్కడ పడిందో పటంమీద గుర్తించడానికి ఇంతకన్నా వీలైన సమయం దొరకదు. మొగను గురించి వారికి తెలిసినంత మన పటాలకు తెలియదు.

సముద్రంలో ఆపద కలిగినప్పుడు తీర గస్తీ దళానికి 1554, తీర రక్షణ పోలీసులకు 1093 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఫోను అందనిచోట వి.హెచ్.ఎఫ్. రేడియోలో 16వ ఛానలుపై పిలవాలి. ఈ మూడు సంఖ్యలను పడవ క్యాబిను లోపల, చుక్కాని పట్టుకొన్న మనిషి కళ్లకు ఎదురుగా, రంగుతో వ్రాయించుకొనవలసిందిగా పడవ యజమానులను కోరడమైనది.